బావి చుట్టూ నలభై మూరలు

మా ముదిగుబ్బకు వేసవి వచ్చిందని తెలియజేసేది పంచాంగం కాదు, వేపపూత కాదు, బోరు లారీ. కదిరి నుండి అనంతపురం వెళ్ళే రహదారి పక్కన అవి జంటలుగా వచ్చి నిలుస్తాయి. ఒకదాని మీద యంత్రం, మరొకదాని మీద రాడ్లు. చాలావాటి మీద తమిళ అక్షరాలుంటాయి, తిరుచెంగోడు అనే ఊరి పేరుంటుంది. నామక్కల్ జిల్లాలోని ఆ ఊరు దేశం నలుమూలలకూ బోరు యంత్రాలను పంపుతుంది. అక్కడి కుర్రవాళ్ళు మన పొలాల్లో పగలూ రాత్రీ పనిచేసి, మన రాతిపొడిని ముఖాన పూసుకొని, లారీ కిందనే నిద్రపోతారు. ఇషా నమాజు ముగించుకొని ఇంటికి వెళ్ళేటప్పుడు మొదలైన సుత్తి దెబ్బ ఫజ్ర్ అజాన్ వేళకు కూడా ఆగదు.

ఆ నెలల్లో మా ఊరి సంభాషణంతా అడుగులలోనూ ఇంచులలోనూ సాగుతుంది. "ఎన్నడుగులు?" అన్నది మొదటి ప్రశ్న, "ఎన్నించులు?" అన్నది రెండవది. మూడవ ప్రశ్న ఎవరూ వేయరు. ఎందుకంటే అప్పు ఎంతన్నది అందరికీ తెలిసినదే. యంత్రం నుండి తెల్లటి పొడి ఎగిసినంత సేపూ గట్టున కూర్చున్న రైతు మౌనంగా ఉంటాడు. పొడి తడిసి బురదగా మారితే అతని ముఖంలో ప్రాణం వస్తుంది. మారకపోతే మరో వంద అడుగులు వేయమంటాడు. లోతు పెరిగేకొద్దీ అడుగు ధర కూడా పెరుగుతుంది.

నీళ్ళ జాడ చెప్పేవారు లారీకి ముందే తయారవుతారు. ఒకరు అరచేతిలో కొబ్బరికాయ నిలుపుకొని పొలమంతా నడుస్తారు, మరొకరు వేప పంగలకర్ర పట్టుకుంటారు. అగోచర జ్ఞానం అల్లాహ్‌కే చెందినదని జుమా ప్రసంగంలో విని తల ఊపినవారే సాయంత్రానికి ఆ కొబ్బరికాయ వెనుక నడవడం నేను చూశాను. భూగర్భ శాస్త్రం తెలిసినవారు నేలలోకి విద్యుత్తు పంపి, రాతి నిరోధాన్ని కొలిచి చెప్పే మాట వేరు. అది అంచనా మాత్రమే. అందులో పొరపాటుకు తావుందని వారే ముందుగా చెబుతారు. కొబ్బరికాయ మాత్రం ఎన్నడూ పొరపాటు ఒప్పుకోదు. నీళ్ళు పడకపోతే రైతు తలరాతను చూపిస్తుంది.

ఈ నెల నేను వ్రాయదలచినది కొబ్బరికాయను గురించి కాదు, బోరుకూ బోరుకూ నడుమ ఉండే దూరాన్ని గురించి. అందుకు ముందు మా నేల స్వభావం కొంత చెప్పక తప్పదు. 2022 ఏప్రిల్ నుండి మా మండలం శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది గానీ, జిల్లా పేరు మారినంత మాత్రాన మేఘాలు దారి మార్చుకోలేదు. నైరుతి రుతుపవనాలు పశ్చిమ కనుమలను దాటేసరికి తమ భారాన్ని అవతలనే దించేస్తాయి. ఈశాన్య రుతుపవనాలు తీరం నుండి ఇంత దూరం నడిచి వచ్చేసరికి అలసిపోతాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. దేశంలో తక్కువ వాన కురిసే జిల్లాల్లో మనది ఒకటని బడిలో పిల్లలకు బోధిస్తూ వచ్చాము. కింద ఉన్నదా, కఠిన శిల. మట్టిలోనూ, దాని కింద శిథిలమైన మెత్తటి రాతిలోనూ కొంత నీరు నిలుస్తుంది. అంతకు దిగువన రాతి పగుళ్ళలో మాత్రమే నీరు దొరుకుతుంది. పూర్వం ముప్పై నలభై అడుగుల దిగుడు బావులతో పైపొర నీటినే వాడుకునేవారు. ఆ నీరు ఏటేటా వానతో నిండేది. ఇప్పుడు ఆరువందలు, ఎనిమిదివందలు, వెయ్యి అడుగులు దిగి పగుళ్ళను వెదుకుతున్నాము. ఒక పగులు ఒక రైతు పొలంతో ఆగదు. దానికి పట్టాదారు పాసుపుస్తకం లేదు. ఈ పొలం కింద మొదలై పక్క పొలం కింద నుండి సాగిపోతుంది. లోతుగా దిగినవాడు పీల్చుకుంటే, పైన ఆగినవాడికి గాలి మిగులుతుంది.

గత వేసవిలో ఒక పెద్దాయన నన్ను వెదుక్కుంటూ మదర్సాకు వచ్చాడు. ముస్లిం కాదు. ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఆయనకు చీనీ తోట ఉంది. చెట్ల వయసు పన్నెండేళ్ళు. చెప్పులు బయట విడిచి, వరండాలో చాప చివర కూర్చొని, చాలాసేపు తన పిల్లల సంగతులే మాట్లాడాడు. తర్వాత అసలు విషయానికి వచ్చాడు.

"మా పక్క మడికాయన మీ మసీదుకొచ్చే సాయిబే సామీ. మంచోడే. నూటిరవై గజాల దూరంలో ఎనిమిదినూర్ల యాభై అడుగులు బోరేసినాడు. పదైదు నాళ్ళకు నా బోరు గాలి కొట్టింది. అరవై చెట్లు ఎండిపాయ. ట్యాంకరు తోలించి మిగతావి బతికిచ్చుకుంటాండా. నేను కేసూ వద్దు, పంచాయితీ వద్దు. మీ శాస్త్రంలో దీనికేమన్నా చెప్పినారేమో కనుక్కుందామని వస్తి."

ఆయన చెప్పిన పొరుగువారు నాకు బాగా తెలుసు. జమాఅత్‌లో మొదటి వరుస తప్పరు, జకాత్ లెక్క పైసాతో సహా వేయించుకుంటారు. పెద్దాయనకు ఆ పూట టీ ఇచ్చి పంపగలిగాను గానీ జవాబు ఇవ్వలేదు. జవాబు లేక కాదు. ఆ జవాబు ఒక్క వాక్యంలో ఇమిడేది కాదు కనుక.

మా మదర్సాలో పై తరగతి విద్యార్థులకు నేను 'హిదాయా' బోధిస్తాను. ఫర్గానా లోయకు చెందిన బుర్హానుద్దీన్ మర్గీనానీ (రహ్మ) వ్రాసిన గ్రంథం అది. ఆయన 1197లో పరమపదించారు. అందులో బంజరు భూములను సాగులోకి తెచ్చే అధ్యాయం ఒకటి ఉంది. తరతరాలుగా హిందూస్థాన్‌లోని విద్యార్థులు దానిని 'మా కాలానికి అక్కరలేనిది' అనుకొని త్వరత్వరగా దాటవేస్తారు. నిజానికి మా ప్రాంతానికి దానంత అవసరమైన పాఠం మరొకటి లేదు. బంజరులో ఎవరైనా బావి తవ్వితే, ఆ బావి చుట్టూ కొంత నేల దానికి రక్షణ వలయం అవుతుంది. దానిని 'హరీమ్' అంటారు. పశువులు నీరు తాగి సేదతీరే బావికి అన్ని వైపులా నలభై మూరలు. ఈ కొలతకు మూలం ఇబ్నె మాజాలో వచ్చిన ఒక హదీసు. ఒంటెల చేత నీరు తోడించి పొలం తడిపే బావికి, ఇమాం అబూ హనీఫా (రహ్మ) ప్రధాన శిష్యులిద్దరి అభిప్రాయంలో అరవై మూరలు. ఊటకు ఐదువందల మూరలు. ఆ వలయంలో మరొకరు బావి తవ్వడానికి వీలులేదు. ఎందుకంటే అది మొదటివాని హక్కును హరిస్తుంది. హరీమ్ అన్న పదంలోనే నిషేధమనే అర్థం ఉంది. హరామ్, హరం, ఎహ్రామ్ అన్నవన్నీ ఆ ధాతువు నుండి పుట్టిన మాటలే.

మూర అంటే అడుగున్నర. నలభై మూరలంటే అరవై అడుగులు. తరగతిలో ఈ లెక్క వేయించగానే ఒక విద్యార్థి చేయి ఎత్తాడు. రైతు బిడ్డ, తలుపుల మండలం వాడు. "హజ్రత్, మా చేన్లో అరవై అడుగుల దూరంలో రెండో బోరు వేస్తే మొదటిది ఆ నెలలోనే చచ్చిపోతుంది. అప్పుడు కితాబు ప్రకారం తప్పు లేదా?" అన్నాడు.

మంచి ప్రశ్న. దానిని మరింత బిగించేది అదే గ్రంథంలోని మరొక వాక్యం. రెండవవాడు హరీమ్ అవతల తవ్వినప్పుడు మొదటి బావిలో నీరు తరిగిపోతే, రెండవవాని మీద ఏ బాధ్యతా లేదు, ఎందుకంటే అతడు హద్దు మీరలేదు అని ఆ వాక్యం సారాంశం. భూగర్భంలో పారే నీరు ఎవరి సొత్తూ కాదు కదా! ఒక దుకాణం పక్కన మరో దుకాణం తెరిస్తే మొదటివాని బేరం తగ్గవచ్చు, అంత మాత్రాన రెండవవాడు నష్టపరిహారం చెల్లించడు అని వ్యాఖ్యాతలు ఉపమానం కూడా ఇచ్చారు. మా మొదటి వరుస మిత్రునికి ఈ వాక్యం ఒక్కటి దొరికితే చాలు. నూటిరవై గజాలంటే మూడువందల అరవై అడుగులు, హరీమ్‌కు ఆరింతలు.

కానీ ఒక వాక్యాన్ని చదివినవాడు దాని చుట్టూ ఉన్న నేలను కూడా చదవాలి. ఆ న్యాయవేత్తలు చూసినవి చేద వేసి తోడే బావులు. మనిషి భుజబలం ఎంతో, ఎద్దు లేదా ఒంటె లాగగలిగినది ఎంతో, ఆ బావి తీసే నీరూ అంతే. మెత్తని నేలలో అటువంటి బావి ప్రభావం నలభై మూరలు దాటకపోవచ్చు. రాతి పగులులోకి ఎనిమిదివందల యాభై అడుగులు దింపి, రాత్రింబవళ్ళు తోడే మోటారును వారు కలలో కూడా చూసి ఉండరు. అంకె వెనుక ఉన్న కారణం 'హాని'. హాని ఎంత దూరం పాకుతుందో, రక్షణ కూడా అంత దూరం పాకాలి. ఇది నా సొంత కవిత్వం కాదు. కీడు చేయరాదు, కీడుకు బదులు కీడూ చేయరాదు అన్న ప్రవక్త (స) బోధనపై ఫిఖ్‌హ్‌లో పెద్ద భవనమే నిలిచి ఉంది.

మరొక మెలిక ఉంది. మన న్యాయవేత్తలు 'ఖజా'నూ 'దియానత్'నూ వేరు చేశారు. ఖాజీ ముందు నిలబడితే వచ్చే తీర్పు ఒకటి, అల్లాహ్ ముందు నిలబడితే ఎదురయ్యే ప్రశ్న మరొకటి. నష్టపరిహారం లేదన్నది మొదటిదానికి చెందిన మాట. పొరుగువాని చెట్లు ఎండుతున్నాయని తెలిసి కూడా మోటారు కట్టకుండా ఉండడం రెండవదానికి చెందిన మాట. అవసరానికి మించిన నీటిని ఇతరులకు ఇవ్వకుండా ఆపడాన్ని ప్రవక్త (స) నిషేధించారని బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. ఆ హదీసులో పొరుగువాడు ఏ మతస్థుడన్న ప్రస్తావన లేదు.

మన ప్రభుత్వ చట్టం కూడా ఈ హరీమ్ దారిలోనే నడిచింది, పేరు తెలియకపోయినా. 2002లో వచ్చిన జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టాన్ని మా పల్లెల్లో 'వాల్టా' అంటారు. ప్రజల తాగునీటి బావికి 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా కొత్త బావి తవ్వరాదని అది చెబుతుంది. అరవై అడుగులు ఎక్కడ, 250 మీటర్లు ఎక్కడ! ఫర్గానా మట్టికీ మా రాతికీ ఉన్న తేడా ఆ రెండు అంకెల మధ్యనే ఉంది.

ఈ చట్టం సంగతి నేను ఇంత శ్రద్ధగా తెలుసుకోవడానికి కారణం మా మసీదే. వుజూ ఖానాకు నీరు చాలడం లేదని, పాత బోరు గంటకొకసారి ఆగిపోతోందని, కొత్తది వేయిద్దామని కమిటీలో మాట వచ్చింది. బెంగుళూరులో స్థిరపడిన ఒక దాత డబ్బు పంపడానికి సిద్ధం. స్థలం కూడా చూశారు, మసీదు వెనుక గోడ దగ్గర. అక్కడి నుండి వీధి జనమంతా బిందెలు పెట్టుకునే పంచాయతీ బోరు కంటికి కనబడుతుంది. 250 మీటర్లకు చాలా లోపలే. "అల్లాహ్ ఇంటి కోసం వేసేదానికి అనుమతి ఏమిటి హజ్రత్, ఎవరు అడుగుతారు?" అన్నారు ఒక సభ్యులు. ఎవరూ అడగకపోవచ్చు. ఆ వీధి ఆడపడుచులు బిందె పట్టుకొని మసీదు వైపు చూసి ఊరకుండిపోవచ్చు. ఆ ఊరకుండడమే నాకు భయం. సదర్ సాహెబ్ గారికి నేను విన్నవించినది ఒక్కటే. కొత్త నీరు వెదికే ముందు ఉన్న నీరు ఎటు పోతున్నదో ఒకసారి చూద్దాం.

ప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో వుజూ, ఒక సాఅ నుండి ఐదు ముద్ద్‌ల నీటితో గుస్ల్ చేసేవారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. మజ్‌హబ్‌ల లెక్కల్లో కొంత భేదం ఉన్నా, ముద్ద్ అంటే ఒక లీటరుకు అటూ ఇటూ. నా విద్యార్థులు నలుగురు ఒక అస్ర్ వేళ కుళాయిల కింద బకెట్లు పెట్టి కొలిచారు. నమాజీలకు ముందుగా చెప్పలేదు. చెబితే అందరూ ఆ పూటకు ఔలియాలు అయిపోతారు. మిస్వాక్ నములుతూ కుళాయి విప్పి ఉంచినవారు, చేతులు మడిచి చొక్కా సర్దుకునేదాకా నీటిని వదిలేసినవారు, పక్కవారితో చెనిక్కాయ ధర మాట్లాడుతూ పాదం కడిగినవారు. ఒక్కొక్క వుజూకు ఐదు నుండి ఏడు లీటర్లు పోయాయి. ఒకరికి పదకొండు. వారి పేరు విద్యార్థులు చెప్పబోతే నేను ఆపాను.

హజ్రత్ సఅద్ (రజి) వుజూ చేస్తుండగా ప్రవక్త (స) వృథాను గురించి హెచ్చరించారనీ, వుజూలో కూడా వృథా ఉంటుందా అని ఆయన అడిగితే, పారే ఏటి ఒడ్డున ఉన్నా సరే ఉంటుందన్నారనీ ఇబ్నె మాజాలో ఒక హదీసు ఉంది. దాని ఉల్లేఖకుల పరంపరపై హదీసువేత్తలు మాట్లాడారు. కనుక దానిని నేను బుఖారీ స్థాయిలో నిలబెట్టను. కానీ ముద్ద్ హదీసు నిర్వివాదం. పైగా మాకు పారే ఏరే లేదు. మా మద్దిలేరు ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే.

పాత మసీదుల్లో హౌజ్ ఉండేది. పది మూరల పొడవు, పది మూరల వెడల్పు. ఆ కొలత ఉన్న నీటికి పారే నీటి ధర్మం వర్తిస్తుందని హనఫీ ఉలమా నిర్ణయించారు. హౌజ్ ఒడ్డున కూర్చున్నవాడు దోసిలి పట్టినంతే తీసుకుంటాడు. దోసిలికి హద్దు ఉంది, కుళాయికి లేదు. హౌజ్‌లు పూడ్చి కుళాయిలు పెట్టినప్పుడు శుభ్రత కోసమే అన్నారు. అందులో నిజం లేకపోలేదు. కానీ దానితో పాటు ఒక కొలత కూడా పూడిపోయింది. ఆ మధ్య కాలంలో వచ్చిన మట్టి బద్నాలూ, రాగి లోటాలూ ఇప్పుడు పెళ్ళి సామాన్ల గదిలో ఉన్నాయి.

ఇక నా సొంత వ్యాపకం ఒకటి చెప్పుకోవాలి. ఇంట్లోవారికి అది నవ్వులాట. మదర్సా మేడ మీద నిలువు గోడలున్న ఒక డబ్బా పెట్టి, వాన కురిసిన ప్రతిసారీ స్కేలుతో లోతు కొలిచి నోటుబుక్కులో వ్రాస్తాను. ఏళ్ళ తరబడి వ్రాస్తున్నాను. అందులో ఖాళీ పేజీలే ఎక్కువ. నెలలు నెలలు సున్నాలు. అకస్మాత్తుగా 2021 నవంబరు వస్తుంది. ఆ వానకు చిత్రావతి ఎంత పొంగిందంటే, చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర నడి ఏటిలో చిక్కుకున్న పది మందిని వైమానిక దళం హెలికాప్టరు వచ్చి రక్షించవలసి వచ్చింది. కరువు సీమలో వరద! ఆ నీరంతా ఎక్కడికి పోయిందని మరుసటి ఏప్రిల్‌లో నా విద్యార్థులను అడిగితే ఒకరికొకరు ముఖాలు చూసుకున్నారు.

ఈ వ్యాపకం నేర్పిన లెక్క ఒకటుంది. ఒక చదరపు మీటరు గచ్చు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు. మా మసీదు పైకప్పు 150 చదరపు మీటర్లకు తక్కువ కాదు. 550 మిల్లీమీటర్లతో హెచ్చిస్తే 82,500 లీటర్లు. కొంత ఆవిరైనా, కొంత పొర్లిపోయినా, ఏటా మన నెత్తిన పడి, గొట్టంలోంచి జారి, మురుగు కాలువలో కలిసే నీరు అది. వుజూ చేసిన నీరు కూడా ఆ కాలువలోకే పోతుంది. వాడిన నీటితో మళ్ళీ వుజూ చెల్లదు గానీ, అది అశుద్ధం కాదని హనఫీ మజ్‌హబ్‌లో ఫత్వా ఉంది. చెట్టుకు పోయవచ్చు, ఇంకుడు గుంతలోకి మళ్ళించవచ్చు. ధర్మం అడ్డు రాదు. అడ్డు వచ్చేది ముప్పై అడుగుల పైపు, ఒక గుంత, రెండు ట్రాక్టర్ల కంకర ఖర్చు. బోరు ఖర్చులో అది ఎంతో చెప్పడానికి గణితం అక్కరలేదు. కానీ బోరు మీద దాత పేరు చెక్కవచ్చు. గుంత మీద ఎవరు చెక్కుతారు?

మా ఊరివారికి బెంగుళూరు పట్నం కాదు, రెండో ఇల్లు. మా అబ్బాయి కూడా అక్కడే. 2024 మార్చిలో ఆ నగరంలో బోర్లు ఎండిపోయి, తాగునీటితో కారు కడిగితే ఐదువేల రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. అదే వారంలో, మార్చి 12న, రంజాన్ మొదలైంది. సహరీకి లేచి ఫోను చేశాడు. "అబ్బా, ట్యాంకరు రాలేదు, బాటిల్ నీళ్ళతో వుజూ చేసుకున్నా. ఒక్క బాటిల్ చాలింది, ఇంకా మిగిలింది" అన్నాడు. నేను పదిహేనేళ్ళు చెప్పిన పాఠం ట్యాంకరు ఒక్క పూటలో చెప్పింది. నేను చదువుకున్నది తమిళనాడులో, ఆంబూరు ప్రాంతంలో. అక్కడికి దగ్గరలోని జోలార్‌పేట జంక్షను నుండి 2019 జూలైలో చెన్నైకి రైలు వ్యాగన్లలో నీళ్ళు పంపారు. ఆంబూరు, వాణియంబాడి పక్కనే పాలారు ఉంది. తోళ్ళ కర్మాగారాల మురికితో ఆ నది ఎలా చెడిందో 1996లో సుప్రీంకోర్టు తీర్పులో నమోదైంది. ఆ కర్మాగారాల యజమానుల్లో మనవారు తక్కువేమీ కాదు. వారి దానధర్మాలతో ఎన్నో మదర్సాలు నడిచాయి. ఆ అన్నం తిని చదువుకున్నవాణ్ణి కనుక ఈ మాట అనడం నాకు సులువు కాదు. అయినా నది మురికి కావడం నిజం.

నీటిని పంచుకోవడం కుదరని పని అని నిరాశపడేవారికి మా జిల్లాలోనే ఉదాహరణ ఉంది. ఇరవై ఏళ్ళ కిందట అనంతపురం జిల్లా మదిరేపల్లి రైతులు, ఒక స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో, ఇక కొత్త బోర్లు వేయరాదనీ, నీళ్ళున్నవారు లేనివారికి ఇవ్వాలనీ తమలో తాము కట్టుబాటు చేసుకున్నారు. ఆ కాలంలోనే మన రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో రైతులు తామే వాన కొలిచి, బావుల్లో నీటిమట్టం కొలిచి, ఉన్న నీటికి తగిన పంటలు ఎంచుకునే పని నేర్చుకున్నారు. నా డబ్బాకు నవ్వేవారికి ఈ సంగతి చెబుతుంటాను. హజ్రత్ ఉస్మాన్ (రజి) మదీనాలో రూమా బావిని కొని అందరికీ వదిలేసినప్పుడు, ఆయన చేద కూడా ఆ బావిలో అందరి చేదల వంటిదే అయింది, పెద్దది కాలేదు. మనం ఆ కథలో కొనుగోలును గుర్తుంచుకున్నాము, చేదను మరిచాము. బోరు వేయించడం సదఖా జారియా అనుకుంటున్నాము. పక్క బోరు ఎండబెట్టి పారించే సదఖా ఏ ఖాతాలో జమ అవుతుందో ఆలోచించడం లేదు.

కృష్ణా నీరు వస్తుంది కదా అంటారు. వస్తోంది. హంద్రీ-నీవా పథకం కింద శ్రీశైలం జలాశయం నుండి మల్యాల దగ్గర ఎత్తిపోసిన నీరు 2012లో జీడిపల్లికి చేరింది. ఆ తర్వాత ఇంకా దక్షిణానికి సాగింది. అల్‌హందులిల్లాహ్. కానీ అంత దూరం, అంత ఎత్తు మోటార్లతో ఎక్కి వచ్చిన నీటిని ఒక వుజూకు ఏడు లీటర్ల చొప్పున కాలువలో కలపడానికి తెచ్చుకున్నామా?

వానలు వెనుకబడిన ప్రతి ఏడూ ఊరివారు నా దగ్గరకు వచ్చి నమాజె ఇస్తిస్ఖా చేయించమంటారు. ఇమాం అబూ హనీఫా (రహ్మ) దృష్టిలో ఇస్తిస్ఖా ప్రధానంగా దుఆ, క్షమాపణ. ఆయన శిష్యులు సామూహిక నమాజును సున్నత్ అన్నారు. మేము శిష్యుల మాటపై నడుస్తాము. అయితే ఫిఖ్‌హ్ గ్రంథాల్లో మైదానానికి వెళ్ళే ముందు చేయవలసిన పనుల్లో ఒకటి ఉంది. జనం దానిని వినీ విననట్లు ఉంటారు. ఒకరి దగ్గర అన్యాయంగా తీసుకున్నది ఉంటే తిరిగి ఇచ్చి రావాలి. అప్పులు, కాజేసిన గట్లు, సోదరీమణులకు ఇవ్వని వారసత్వ వాటాలు అని ప్రతి ఏడూ నేను లెక్క చెబుతాను. ఈసారి ఆ జాబితాలో పొరుగువాని బోరును కూడా చేర్చాను. జుమా ప్రసంగంలో ఎవరి పేరూ ఎత్తలేదు. నూటిరవై గజాలు అని కూడా అనలేదు. హరీమ్ పాఠం మాత్రం తరగతిలో చెప్పినట్లే, రెండవ వాక్యంతో సహా, దాచకుండా చెప్పాను.

మసీదు బోరు సంగతి కమిటీ వచ్చే నెలకు వాయిదా వేసింది. ఈలోగా పాత కుళాయిలు విప్పి, నొక్కితేనే నీరు వచ్చేవి ఆరు బిగించారు. గుంతకు స్థలం గీశారు, ఇంకా తవ్వలేదు. పెళ్ళి సామాన్ల గది తాళం చెవి ముఅజ్జిన్ గారి దగ్గర ఉంది. బద్నాలు ఎన్ని పనికివస్తాయో చూస్తానన్నారు.

జుమా తర్వాత నాలుగు రోజులకు, ఇషా ముగిసి అందరూ వెళ్ళిపోయాక, మా మొదటి వరుస మిత్రులు చెప్పుల దగ్గర నిలబడి ఉన్నారు. సలాం చెప్పి కొంతసేపు అరుగు మీది మట్టిని కాలితో నెడుతూ ఉండిపోయారు. వారానికి మూడు రాత్రులు మోటారు పక్క తోటకు మళ్ళించడానికి తమకు అభ్యంతరం లేదనీ, అయితే నడుమ బండ ఉన్నందున పైపు చుట్టూ తిప్పవలసి వస్తుందనీ, దాదాపు ఐదువందల అడుగులు అవుతుందనీ చెప్పారు.

"ఆ పైపు ఖర్చు ఎవరిది హజ్రత్?" అని అడిగారు.

హిదాయాలో నీటి వాటాల అధ్యాయం తీసి, మరునాడు ఇద్దరినీ మదర్సాకు రమ్మన్నాను.